బోరు మీ పేరున ఉంటుంది, నీళ్లు ఊరివి

లీటరు పానీయం తయారీకి 3 లీటర్ల నీళ్లు వాడే ప్లాంటు ఒకటి ఉందనుకుందాం. పైపులు మార్చి, కడిగే పద్ధతి మార్చి, ఐదేళ్లలో దాన్ని 2 లీటర్లకు తెచ్చారు. వార్షిక నివేదికలో గీత చక్కగా కిందికి దిగుతుంది. అదే ఐదేళ్లలో ఉత్పత్తి రోజుకు 100 కిలోలీటర్ల నుంచి 200కు పెరిగింది. అప్పుడు రోజుకు 300 కిలోలీటర్లు తోడేవారు, ఇప్పుడు 400 తోడుతున్నారు. నివేదికలో గీత నిజమే, పక్క పొలంలో బావి అడుగంటడమూ నిజమే. లీటరుకు ఎంత అన్నది గోడ లోపలి లెక్క. బావికీ గెడ్డకీ (ఊరి వాగుకీ) సంబంధించిన లెక్క వేరు. మొత్తం ఎంత తీశారు, ఏ నెలలో తీశారు, తిరిగి ఏ స్థితిలో వదిలారు?

విశాఖ చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్, పాలు, శీతల పానీయాలు, ప్యాకేజ్డ్ తాగునీరు, పచ్చళ్లు, మిఠాయిలు చేసే యూనిట్ల వాళ్లకు ఈ రెండో లెక్క ఎలా కట్టాలో, ఎక్కడ తప్పుతుందో చెప్పడానికే ఈ టపా.

ముందు, మీ కుళాయిలో నీళ్లు ఎక్కడివో కాగితం మీద పెట్టండి. విశాఖ నగరానికి నీళ్లు ఒక్కచోటి నుంచి రావు. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, గంభీరం, గోస్తనీ మీది తాటిపూడి, శారద మీది రైవాడ, ఇవి కాక ఏలేరు నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో నడిచివచ్చే నీళ్లు. ఆ ఏలేరు కాలువలో గోదావరి నీళ్లు కూడా కలుస్తాయి. తాటిపూడి విజయనగరం జిల్లాలో ఉంది, రైవాడ అనకాపల్లి జిల్లాలో. అంటే మున్సిపల్ కనెక్షన్ ఉన్న ప్లాంటు కూడా ఎక్కడో ఒక రైతు వరిమడితో నీళ్లు పంచుకుంటోంది. ట్యాంకరు కొంటే అది ఏ ఊరి బోరులో నిండిందో డ్రైవరును అడిగి రాసుకోవాలి. ట్యాంకరు నీళ్లకు ఊరు పేరు రాసుకోని కంపెనీకి తన నీటి వాడకం తెలిసినట్టు కాదు.

సముద్రం పక్క బోర్ల సంగతి

భీమిలి తీరం వెంబడి ఇసుక నేలల్లో బోరు ఉన్నవాళ్లకు ఒక్క లెక్క తెలిస్తే చాలా నష్టం తప్పుతుంది. మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని మీద తేలుతూ ఉంటుంది. బావిలో నీటిమట్టం సముద్రమట్టం కన్నా 1 మీటరు ఎత్తులో ఉంటే, సముద్రమట్టానికి కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరు ఉంటుందన్నది స్థూలమైన సూత్రం. దీన్ని తిరగేసి చదవండి. మీ పంపింగ్ వల్ల నీటిమట్టం అర మీటరు దిగిందంటే, కింద ఉప్పునీరు కాలక్రమంలో 20 మీటర్లు పైకి రావచ్చు. పైన అర మీటరు దిగడం ఎవరి కంటా పడదు. ఇది ఇసుక నేలల్లో బాగా వర్తిస్తుంది. పగుళ్ల రాతిలో ఉప్పు ఇంత లెక్కగా రాదు, ఏదో ఒక పగులు పట్టుకుని ఒక్క బోరుకే ముందుగా చేరుతుంది. ఒకసారి ఉప్పు తిరిగిన బోరు మళ్లీ తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది, తేరుకుంటుందన్న హామీ కూడా లేదు. పైగా ఉప్పు మీ బోరుతో ఆగదు, పక్కింటి బావికీ పాకుతుంది.

కాబట్టి ప్రతి బోరుకూ ఒక పుస్తకం పెట్టాలి. వారానికి ఒకరోజు ఉదయం, మోటారు కనీసం ఏడెనిమిది గంటలు ఆగి ఉన్నప్పుడు, నీటిమట్టం కొలిచే టేపును బోరులోకి దించాలి. మోటారు పైపు పక్కన అంగుళం ప్లాస్టిక్ పైపు ఒకటి ముందే దింపి ఉంచితే టేపు కేబులుకు చుట్టుకోదు. ఇది లేకపోవడం వల్లే చాలాచోట్ల రెండోవారానికే కొలత ఆగిపోతుంది. నీటిమట్టం రాశాక మోటారు వేసి, పది నిమిషాలు నీళ్లు పోనిచ్చి, ఎలక్ట్రికల్ కండక్టివిటీ (నీళ్లలో కరిగిన ఉప్పెంతో చూపే విద్యుత్ వాహకత) చూడాలి. మీటరును నెలకోసారి 1413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోవాలి. నెలకోసారి క్లోరైడు పరీక్ష. తాగునీటికి భారతీయ ప్రమాణం క్లోరైడును లీటరుకు 250 మిల్లీగ్రాముల దగ్గర పెట్టింది, వేరే నీళ్లు లేనప్పుడు 1000 వరకు ఒప్పుకుంటుంది. కానీ ఆ గీత దాటేదాకా ఆగకండి. నిరుడు ఇదే నెల కన్నా కండక్టివిటీ పదిహేను శాతం పెరిగితే పంపింగ్ తగ్గించాలని ముందే రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. ఉత్పత్తి ఒత్తిడిలో ఉన్న రోజున ఆ నిర్ణయం ఎవరూ తీసుకోలేరు.

తీసే తీరు కూడా ముఖ్యం. రోజుకు 100 కిలోలీటర్లు కావాలంటే గంటకు 20 కిలోలీటర్ల మోటారుతో 5 గంటల్లో తీయొచ్చు, గంటకు 5 కిలోలీటర్ల మోటారుతో 20 గంటల్లోనూ తీయొచ్చు. మొదటి పద్ధతిలో బోరు చుట్టూ నీటిమట్టం గరాటులా లోతుగా దిగుతుంది, కింది ఉప్పును పైకి లాగుతుంది. రెండో పద్ధతిలో ఆ గుంట లోతు తక్కువ. దీనికి కావలసింది చిన్న మోటారు, కాస్త పెద్ద సంప్. కరెంటు రేటు తక్కువ ఉన్న గంటల్లోనే మొత్తం లాగేయాలన్న ఆలోచన ఇక్కడే దెబ్బకొడుతుంది.

పొరుగు బావులను కూడా కొలవాలి. మే నెలలో, నీళ్లు అట్టడుగున ఉన్నప్పుడు, మీ బోరును 24 గంటలు నడిపి, చుట్టూ అర కిలోమీటరులో ఉన్న బావుల్లో నీటిమట్టం గంటగంటకూ చూడండి. ఏ బావి ఎంత దిగిందో, మోటారు ఆపాక ఎన్ని గంటలకు తేరుకుందో రాయండి. ఆ బావి యజమాని పక్కనే నిలబడి టేపు చూస్తే ఇంకా మంచిది. మన రాష్ట్రంలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బోర్లకు అనుమతి, నమోదు అడుగుతుంది. ఆ అనుమతి చేతిలో ఉన్నా ఈ పరీక్ష మానొద్దు. కేరళలోని ప్లాచిమడలో కోకకోలా బాట్లింగ్ ప్లాంటు 2000లో మొదలై, ఊరివాళ్ల ఆందోళనల మధ్య 2004లో మూతపడింది. ఊరివాళ్ల బావుల సంగతి ఆఖరున చూసుకోవచ్చు అనుకునే కంపెనీలకు ఆ ఉదాహరణ చాలు.

గోడ లోపల: బకెట్టు, గడియారం

మీటర్లు కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది. 20 లీటర్ల బకెట్టు, చేతి గడియారం తీసుకుని షెడ్డంతా తిరగండి. కడిగే రబ్బరు పైపు కింద బకెట్టు పెడితే 40 సెకన్లలో నిండిందనుకోండి. అంటే నిమిషానికి 30 లీటర్లు. ఆ పైపు కట్టేవాళ్లు లేక ఒక 8 గంటల షిఫ్టంతా కారితే 14,400 లీటర్లు. అది మూడు మామూలు ట్యాంకర్ల నీరు. పైపు కొసన చేత్తో నొక్కితేనే నీళ్లొచ్చే నాజిల్ బిగిస్తే ఇది ఆగుతుంది. ఆ నాజిల్ పాడైనప్పుడు వెంటనే మార్చడానికి స్టోరులో నాలుగు అదనంగా ఉంచాలి. లేకపోతే పాడైనది పీకేసి మళ్లీ ఉత్త పైపే వాడతారు.

తర్వాత మీటర్లు. బోరు, మున్సిపల్ లైను, ట్యాంకరు సంప్, ఆర్వో ఫీడ్ (ఉప్పు వడగట్టే యంత్రంలోకి వెళ్లే నీళ్లు), ఆర్వో రిజెక్ట్ (అది వదిలేసే ఉప్పునీళ్లు), కండెన్సర్, బాయిలరు, ప్రాసెస్ హాలు, ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఔట్‌లెట్, ఈ తొమ్మిదింటికీ తప్పనిసరి. మీటరుకు ముందు పైపు వ్యాసానికి కనీసం ఐదు రెట్లు, వీలైతే పది రెట్లు తిన్నని పైపు ఉండాలి. వంపు పక్కనే బిగిస్తే అంకెలు తప్పుతాయి. పైపు ఎప్పుడూ నిండుగా ఉండేచోట, నీళ్లు పైకెక్కే భాగంలో బిగిస్తే గాలి బుడగల గొడవ ఉండదు. ఇక ఉత్పత్తి లేని రాత్రి, 2 గంటలకూ 4 గంటలకూ రీడింగు తీయండి. ఎవరూ వాడని ఆ రెండు గంటల్లో మీటరు కదిలిందంటే అదంతా లీకే. భూమిలో పాతిన పైపు, ఫ్లోట్ వాల్వు పట్టని ఓవర్‌హెడ్ ట్యాంకు, కారే టాయిలెట్ ఫ్లష్, ఈ మూడూ ముందు చూడాలి.

రొయ్యల ప్లాంట్లు

విశాఖలో ఎక్కువగా మాట్లాడాల్సింది వీటి గురించే. తలలు, పొట్టు కలిపి రొయ్య బరువులో 40 శాతానికి అటూ ఇటూ వ్యర్థంగా పోతుంది. ఆ వ్యర్థం నీళ్లలో ఎంతసేపు నానితే అంత మాంసకృత్తు కరిగి నీళ్లలోకి దిగుతుంది. ఒకసారి కరిగాక ఏ జాలీ దాన్ని పట్టలేదు. అందుకే పీలింగ్ టేబుల్ మీద పొట్టును నీటిధారతో తోసే ఏర్పాటు రెండు విధాలా నష్టం: నీళ్లూ పోతాయి, మురికీ పెరుగుతుంది. టేబుల్ పక్కన క్రేటు పెట్టి పొట్టును పొడిగానే పోగుచేయాలి. షిఫ్టు అయ్యాక ముందు పార, తర్వాత వైపర్, ఆ తర్వాతే నీళ్లు. ఆ పొట్టును చల్లగా ఉంచి అదే రోజు కైటిన్ (పొట్టు నుంచి తీసే పదార్థం) యూనిట్లకో మేత తయారీకో పంపితే ఖర్చు కాస్తా ఆదాయమవుతుంది.

నేల కాలువలో జాలీ బుట్ట ఉంటుంది. అది నిండి నీళ్లు నిలిచాయంటే, పని ఆగకూడదని ఎవరో దాన్ని ఎత్తి పక్కన పెడతారు. అక్కడి నుంచి తలలు, పొట్టు అంతా ఈటీపీకి నేరుగా వెళ్లిపోతాయి. ఇందులో పనివాళ్ల తప్పేం లేదు, బుట్ట ఒక్కటే ఉండడం తప్పు. ఒకే గాడిలో ముందొకటి, వెనకొకటి రెండు బుట్టలు ఉండాలి. ఒకటి తీసినా రెండోది ఉంటుంది. కాలువలో 5 మిల్లీమీటర్ల జాలీ, బయట సంప్ ముందు 1 మిల్లీమీటరు, తర్వాత తిరిగే డ్రమ్ములో అర మిల్లీమీటరు. డ్రమ్ముకు రోజూ వేడినీళ్లతో కడుగుడు లేకపోతే కొవ్వు, జిగురు పట్టి మూసుకుపోతుంది.

క్లోరిన్ సంగతి ఇంకా సున్నితం. కాళ్లు ముంచే తొట్టెలు, రాత్రి నేల కడిగే ద్రావణం సాధారణంగా 100 నుంచి 200 పీపీఎం క్లోరిన్‌తో ఉంటాయి. షిఫ్టు చివర వాటన్నిటినీ ఒకేసారి కాలువలోకి ఒంపేస్తే ఈటీపీలోని బ్యాక్టీరియా మీద విషం పోసినట్టే. 2,000 లీటర్ల 200 పీపీఎం ద్రావణంలో 400 గ్రాముల క్లోరిన్ ఉంటుంది. దాన్ని విడిగా ఒక ట్యాంకులో పట్టి, ఈక్వలైజేషన్ ట్యాంకులోకి (వచ్చే మురుగును ముందు పట్టి సమం చేసే ట్యాంకులోకి) ఆరేడు గంటల్లో సన్నగా వదలాలి. అత్యవసరమైతే సోడియం మెటాబైసల్ఫైటుతో తీసేయొచ్చు: 1 గ్రాము క్లోరిన్‌కు లెక్క ప్రకారం 1.34 గ్రాములు, ఆచరణలో 2 నుంచి 3. ఎక్కువ వేస్తే అదే నీళ్లలో ఆక్సిజన్‌ను తినేస్తుంది. రొయ్య నల్లబడకుండా చెరువు గట్టునే ముంచి తెచ్చే సల్ఫైటు ద్రావణం కూడా ఐసు నీళ్లతో వచ్చి ఇదే పని చేస్తుంది. రొయ్య సరుకు దిగే రోజుల్లో ఏరేషన్ ట్యాంకులో (గాలి ఊది బ్యాక్టీరియాతో మురికి తినిపించే ట్యాంకులో) ఆక్సిజన్ పడిపోతే, గాలి ఊదే బ్లోయర్‌ను తిట్టేముందు ఇది చూడండి.

నానబెట్టే ద్రావణాల్లో ఫాస్ఫేట్ వాడేవాళ్లు వాడిన ద్రావణాన్ని కడుగు నీళ్లతో కలపకుండా విడిగా పట్టాలి. ఫాస్ఫేట్ గెడ్డలోకో చెరువులోకో చేరితే నాచు, గుర్రపుడెక్క కమ్మేస్తాయి. కలిపాక తీయడం ఖరీదు, విడిగా ఉంటే సున్నంతోనో పటికతోనో అడుగుకు దింపొచ్చు.

పాలు, పచ్చళ్లు, మంచినీళ్ల యూనిట్లు

పాల దగ్గర గుర్తుంచుకోవాల్సిన అంకె ఒక్కటే. లీటరు పాలు కాలువలో పోతే సుమారు 100 గ్రాముల బీఓడీ (మురికిని తినడానికి బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్). ఒక మనిషి రోజంతా మురుగులోకి వదిలేది దాదాపు 50 గ్రాములు. అంటే ఒలికిన ప్రతి లీటరూ ఇద్దరి రోజు మురుగు. గెడ్డలోకి వదలడానికి సాధారణ పరిమితి లీటరుకు 30 మిల్లీగ్రాములు కాబట్టి, ఆ ఒక్క లీటరును నీళ్లతో పలుచన చేసి ఆ పరిమితికి తేవాలంటే 3,000 లీటర్లకు పైగా కావాలి. పాల ట్యాంకరును వాల్వు తెరిచి కొన్ని నిమిషాలు పూర్తిగా కారనిచ్చి, తొలి కడుగును కొద్ది నీళ్లతో చేసి, ఆ తెల్లనీళ్లను పశువులకు పంపడం వల్ల ఈటీపీకి పెద్ద భారం తప్పుతుంది. లైన్లు కడిగే వ్యవస్థలో (ముందు కడుగు, 1.5 నుంచి 2 శాతం కాస్టిక్, మధ్య కడుగు, యాసిడ్, చివరి కడుగు) చివరి కడుగు నీళ్లు దాదాపు శుభ్రం. వాటిని ట్యాంకులో పట్టి తర్వాతి విడతకు ముందు కడుగుగా వాడాలి. దశలు మారడం టైమరు మీద కాకుండా కండక్టివిటీ ప్రోబు మీద నడవాలి. ఆ ప్రోబుకు పాల గార పడితే తప్పు చూపిస్తుంది, కాస్టిక్ కాలువలో పోతుంది, ఈటీపీలో పీహెచ్ 11కు ఎగబాకుతుంది. వారానికోసారి చేతి మీటరుతో పోల్చి చూస్తే చాలు.

పచ్చళ్ల యూనిట్లది ఉప్పు సమస్య. మామిడికాయ ముక్కలు నానేసిన ఉప్పునీళ్లు, రొయ్యల ప్లాంటు ఉప్పు తొట్టెలు, నీళ్లు మెత్తబరిచే యంత్రాన్ని ఉప్పుతో కడిగిన (రీజనరేషన్) నీళ్లు, వీటిలోని ఉప్పును ఏ బ్యాక్టీరియా తినదు. ఈటీపీ ఎంత బాగా నడిచినా ఉప్పు అలాగే బయటకు వస్తుంది. తోటలకు పెడితే నేల చౌడుబారుతుంది. ఉప్పునీళ్లను మొదటే విడగొట్టి, గచ్చు పరిచిన తొట్టెల్లో ఎండబెట్టాలి. తుపానుల అక్టోబరులో ఆ తొట్టెలు పొంగకుండా పైన కప్పు కూడా ఉండాలి.

ప్యాకేజ్డ్ నీళ్ల యూనిట్లు ఊరూరా ఉన్నాయి, నష్టం కూడా చిన్నచిన్నగా ఊరూరా జరుగుతోంది. గంటకు 2,000 లీటర్ల మంచినీళ్లు తీసే ఆర్వో 50 శాతం రికవరీతో నడిస్తే మరో 2,000 లీటర్లు రిజెక్టుగా పోతాయి, 8 గంటలకు 16,000 లీటర్లు. రికవరీని 70 శాతానికి పెంచితే రిజెక్టు గంటకు సుమారు 860 లీటర్లకు దిగుతుంది, రోజుకు 9,000 లీటర్లకు పైగా మిగులుతాయి. అయితే రిజెక్టు వాల్వును తిప్పేసి పెంచితే కుదరదు. 500 టీడీఎస్ (లీటరుకు అన్ని మిల్లీగ్రాముల కరిగిన లవణాలు) ఉన్న నీళ్లు 70 శాతం రికవరీ దగ్గర రిజెక్టులో దాదాపు 1,660కి చేరతాయి, కాల్షియం, సిలికా మెంబ్రేన్ మీద పేరుకుంటాయి. ముందు నీళ్లు పరీక్షించి, దానికి తగిన యాంటీస్కేలెంట్ (గార కట్టకుండా ఆపే మందు) సాధారణంగా లీటరుకు 2 నుంచి 4 మిల్లీగ్రాములు డోస్ చేయాలి. మెంబ్రేన్ మీద ఒత్తిడి తేడా 15 శాతం పెరిగినా, ఉత్పత్తి 10 శాతం తగ్గినా అప్పుడే కడగాలి. ఆలస్యమైతే కడిగినా రాదు.

ఇక చాలా పెద్ద తప్పు ఒకటి ఉంది: రిజెక్టు నీళ్లను ఇంకుడు గుంతలోకి వదిలి, భూగర్భ జలాలు పెంచుతున్నామని బోర్డు పెట్టడం. అది బోరులోంచి తీసిన ఉప్పునంతా సగం నీళ్లలో చిక్కబరిచి పొరుగువాళ్ల బావికి తిరిగి పంపడమే. రిజెక్టును టాయిలెట్లకు, బయటి నేల కడగడానికి, వాహనాలకు వాడండి. భూమిలోకి మాత్రం పంపకండి.

కూలింగ్ టవర్లు, అమ్మోనియా కండెన్సర్ల గురించి క్లుప్తంగా. రోజుకు 10 కిలోలీటర్లు ఆవిరయ్యే టవరును 2 సైకిళ్ల మీద (అంటే నీళ్లలో లవణాలు రెండింతలు చిక్కబడేదాకా) నడిపితే 20 కిలోలీటర్లు కావాలి, 4 సైకిళ్ల మీద నడిపితే 13.3 చాలు. తేడా అంతా చిక్కబడిన నీళ్లను వదిలే బ్లోడౌన్ వాల్వును చేత్తో తెరిచి మరిచిపోవడంలో ఉంది. కండక్టివిటీ కంట్రోలర్ పెట్టండి. ప్లేట్ ఫ్రీజర్లు, కాయిల్స్ డీఫ్రాస్ట్ చేసిన చల్లని నీళ్లను కండెన్సర్ సంప్‌కు మళ్లించండి. చల్లదనమూ కలిసొస్తుంది.

ఈటీపీ ఎందుకు చచ్చిపోతుంది

బాగా కట్టిన ఈటీపీలు కూడా ఎక్కువగా మూడు కారణాల వల్ల పాడవుతాయి: ఒక్కసారిగా వచ్చిపడే భారం, ఆకలి, కొవ్వు.

భారానికి మందు ఈక్వలైజేషన్ ట్యాంకు. రోజు ప్రవాహంలో కనీసం 8 నుంచి 12 గంటలది పట్టాలి, అడుగు నుంచి గాలితో కలుపుతూ ఉండాలి. స్థలం లేదని ఇక్కడే కోత పెడతారు. మిగతా యూనిట్లన్నీ ఆ కోతకు మూల్యం కడతాయి.

ఆకలి విశాఖకు ప్రత్యేకం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మర పడవల వేట నిషేధం. సముద్రపు చేప, రొయ్య మీదే ఆధారపడే యూనిట్లలో ఆ రెండు నెలలూ ఈటీపీకి తిండి ఉండదు, బ్యాక్టీరియా చచ్చిపోతుంది. జూన్ మధ్యలో పడవలు తిరిగిరాగానే పూర్తి మురుగు వస్తుంది, ట్యాంకు దాన్ని తట్టుకోలేక నల్లటి నీళ్లు బయటకు వదులుతుంది. సరిగ్గా అప్పుడే తొలకరి వానలు, ఎవరూ పట్టించుకోరు. దీనికి చేయాల్సింది ఇది: నిషేధ కాలంలో గాలిని తగ్గించి మధ్యమధ్య ఆపుతూ నడపాలి, క్యాంటీను, టాయిలెట్ల మురుగును దీనికి మళ్లించి, చాలకపోతే బెల్లం మడ్డి, కాస్త యూరియా కలిపి పోస్తూ ఉండాలి. వంద పాళ్ల బీఓడీకి ఐదు పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరం అన్నది పాత కొలత. జూన్ మొదటి వారం నుంచే తిండి పెంచుకుంటూ పోవాలి.

కొవ్వుకు ముందే ట్రాప్ ఉండాలి, నీళ్లు అందులో 20 నుంచి 30 నిమిషాలు నిలవాలి. పైన తేలినది రోజూ తీయాలి. తీయని ట్రాప్ వారంలో ఉత్త తొట్టె అయిపోతుంది.

ఆపరేటరుకు ల్యాబు రిపోర్టు వచ్చేలోపు ఏం జరుగుతోందో చెప్పేది ఒక లీటరు గాజు జాడీ. ఏరేషన్ ట్యాంకు నీళ్లు జాడీ నిండా పట్టి, 30 నిమిషాలు కదపకుండా ఉంచండి. ముదురు గోధుమరంగు బురద సమంగా దిగి, 300 మిల్లీలీటర్ల దగ్గర ఆగి, పైన నీళ్లు తేటగా ఉంటే ట్యాంకు ఆరోగ్యంగా ఉంది. లీటరుకు 3 గ్రాముల బురద ఉన్నప్పుడు ఆ 300 అంటే గ్రాముకు 100 మిల్లీలీటర్లు, మంచి అంకె. దూదిలా ఉబ్బి 800 దగ్గరే ఆగితే దారప్పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరిగింది, కొవ్వో, ఆక్సిజన్ లోపమో కారణం. బాగా దిగి, గంట తర్వాత ముద్దలుగా పైకి తేలితే, క్లారిఫయరులో (బురద అడుగుకు దిగే ట్యాంకులో) బురద ఎక్కువసేపు ఉండి నత్రజని వాయువు పుడుతోంది, బురదను వెనక్కి పంపే రిటర్న్ పంపు వేగం పెంచాలి. పైనీళ్లు పాలలా మసగ్గా ఉంటే నిన్న ఎవరో క్లోరినో, కాస్టికో ఒంపారు. ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. రొయ్యల మురుగులో అమ్మోనియా ఎక్కువ కాబట్టి క్షారత కూడా చూడాలి. ప్రతి మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటుగా మారడానికి 7 మిల్లీగ్రాములకు పైగా క్షారత ఖర్చవుతుంది. అది అయిపోతే పీహెచ్ జారి ఆ పని ఆగిపోతుంది.

సాధారణ ప్రమాణాల ప్రకారం బీఓడీ గెడ్డలోకైతే లీటరుకు 30 మిల్లీగ్రాములు, సాగు నేలకైనా సముద్రంలోకైనా 100, మున్సిపల్ మురుగు కాలువలోకైతే 350. మీ అనుమతి పత్రంలో ఇంతకన్నా గట్టి అంకె ఉంటే అదే మీకు వర్తిస్తుంది. కానీ మేఘాద్రిగెడ్డ జలాశయం తాగునీటిదని గుర్తున్నవాళ్లు, దాని పైభాగంలో ఉంటే 30 దగ్గర ఆగరు. ఎండాకాలంలో గెడ్డలో పారే నీళ్లే ఉండవు, మీరు వదిలిందే గెడ్డ అవుతుంది.

తీసింది తిరిగి ఇవ్వడం

వాననీటి లెక్క నిజాయితీగా వేయాలి. 2,000 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన పడితే, 80 శాతం పట్టినా 1,600 కిలోలీటర్లు. రోజుకు 100 కిలోలీటర్లు వాడే ప్లాంటుకు అది 16 రోజుల నీరు. మంచిదే, చేయాలి. కానీ ఇంకుడు గుంతలు తవ్వాం కాబట్టి తీసినంతా తిరిగి ఇచ్చేశామని చెప్పుకోవడానికి చాలదు.

విశాఖ కొండల ఖోండలైటు రాయి శిథిలమై చాలాచోట్ల బంకమట్టిలా మారి ఉంటుంది. అందులో నీళ్లు ఇంకవు. తవ్వేముందు మీటరు గుంట తీసి, ఒకసారి తడిపి, 30 సెంటీమీటర్ల నీళ్లు పోసి చూడండి. గంటకు 10 మిల్లీమీటర్లు కూడా దిగకపోతే అక్కడ గుంత దండగ, ట్యాంకు కట్టి నేరుగా వాడుకోండి. ఇంకే చోటైతే తొలి 2 మిల్లీమీటర్ల వానను, అంటే పైన చెప్పిన కప్పుకు 4,000 లీటర్లను, పక్కకు పోనివ్వాలి. కంకర, గులకరాళ్లు, పైన ఇసుక పరిచి, ఏటా జూన్‌కు ముందు పై ఇసుక పది సెంటీమీటర్లు గీకి మార్చాలి. అమ్మోనియా యంత్రాల కింద, డీజిల్ జనరేటర్ దగ్గర పడ్డ వాన ఆ గుంతలోకి రాకూడదు.

అంతకన్నా ఎక్కువ ఫలితం ఊరి చెరువులో ఉంది. హెక్టారు చెరువులో అర మీటరు పూడిక తీస్తే నిండిన ప్రతిసారీ 5,000 కిలోలీటర్లు అదనంగా నిలుస్తాయి. అయితే లోతు కన్నా చెరువులోకి నీళ్లు తెచ్చే దారి ముఖ్యం. లేఅవుట్లకో రోడ్లకో ఆ దారి మూసుకుపోయి ఉంటే పూడిక తీసినా చెరువు ఎండే ఉంటుంది. ఇంకొక షరతు: ఆ చెరువు మీరు నీళ్లు తీసే పరీవాహకంలోనే ఉండాలి. గోస్తనీ వైపు బోరు వేసి, శారద వైపు చెరువు బాగుచేస్తే గోస్తనీ రైతుకు ఒరిగేదేమీ లేదు.

సరుకు పండే చోట వాడే నీళ్లు ప్లాంటులో వాడే నీళ్ల కన్నా చాలా ఎక్కువ. చెరకు, పాలు, రొయ్య కొనే కంపెనీ కొనుగోలు ఒప్పందంలోనే కొన్ని మాటలు రాయాలి: రొయ్యల చెరువు ఉప్పదనం తగ్గించడానికి బోరు మంచినీళ్లు కలపకూడదు, రొయ్య పట్టుబడి రోజున చెరువు నీళ్లు సాగు కాలువలోకి కాకుండా ముందు తేటపరిచే చెరువులోకి పోవాలి. చెరకుకు ఆకు చెత్త కప్పడం, బిందుసేద్యం చేసే రైతుకు ధరలో తేడా చూపాలి. ధరలో లేనిది రైతుకు సలహాగానే మిగిలిపోతుంది.

ఈ పుస్తకాలన్నీ ప్లాంటు లోపలే ఉంటే సగం పనే అయినట్టు. గేటు బయట, ఊరివాళ్లు నడిచే దారిలో, చేత్తో రాసే బోర్డు ఒకటి పెట్టండి. ఈ నెల బోరు నుంచి తీసినవి ఎన్ని కిలోలీటర్లు, బోరులో నీటిమట్టం ఎన్ని మీటర్లు, కండక్టివిటీ ఎంత, బయటకు వదిలిన నీళ్ల బీఓడీ ఎంత, పక్కనే నిరుడు ఇదే నెల అంకెలు. మూడు నెలలకోసారి పంచాయతీ వాళ్లనూ, పక్క రైతులనూ పిలిచి వాళ్ల ముందే టేపు దించండి. అంకె బాగాలేని నెలలో కూడా బోర్డు తుడవకండి, పంపింగ్ ఎంత తగ్గించారో దాని కింద రాయండి.